ఆటకాయిడ్లు, వాటి ఆటకాయితనం

ఫార్మకాలజీ, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే పాఠం, చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో ఒకరోజు బోర్డు మీద ఆటకాయిడ్స్ అని రాసి, పైకి ఒకసారి గట్టిగా పలికాను. వెనక బెంచీలోంచి ఎవరో "ఆటకాయి డ్రగ్స్ అంట్రా" అన్నారు. క్లాసంతా నవ్వింది. కోప్పడాలి కాబట్టి కోప్పడ్డాను గానీ, ఆ మాట నాకు భలే నచ్చింది. గ్రీకులో "ఆటోస్" అంటే తాను, "అకోస్" అంటే మందు. ఒంట్లో తనకు తానే తయారయ్యే మందు అని దాని అర్థం. అంత పెద్దమనిషి పేరు పెట్టుకున్నా, ఇవి చేసే పనులు చూస్తే వెనక బెంచీవాడు చెప్పిందే సరైన అర్థం అనిపిస్తుంది. కాలింగ్ బెల్ కొట్టి పారిపోయే పిల్లల్ని గుర్తు తెచ్చుకోండి. మనం తలుపు తీసేసరికి గుమ్మంలో ఎవరూ ఉండరు. గంట మాత్రం మోగింది, మనం లేచి వచ్చాం, పని జరిగిపోయింది.

హిస్టమిన్, సెరటోనిన్, ప్రోస్టాగ్లాండిన్లు, ల్యూకోట్రైన్లు, బ్రాడీకైనిన్ అన్నీ ఈ గుంపులోవే. హార్మోన్ అయితే ఒక గ్రంథిలో పుట్టి, రక్తంలో పడి, ఎంతో దూరం ప్రయాణించి పని చేస్తుంది. ఇవి అలా కాదు. పుట్టిన చోటే, ఇరుగుపొరుగు కణాల మీదే పని చేసి అక్కడే అంతమైపోతాయి. రక్తం గడ్డకట్టడానికి సాయపడే థ్రాంబాక్సేన్ ఎ2 అనే పదార్థం సగానికి సగం తరిగిపోవడానికి పట్టే సమయం దాదాపు 30 సెకన్లు. బ్రాడీకైనిన్‌కి అంత కూడా పట్టదు. పాఠ్యపుస్తకాలు వీటన్నిటికీ పట్టికలు వేస్తాయి: పేరు, రిసెప్టర్ (కణం మీద అది వచ్చి కూర్చునే కుర్చీ), చర్య, మందు. పిల్లలు ఆ పట్టికని బట్టీ పట్టి పరీక్ష రాసి మర్చిపోతారు. ఇవి పక్కింటి కబుర్లని, ఆ గోడ దాటకూడనివని ఆ పట్టిక చెప్పదు. మనం మింగే మాత్రకి గోడలుండవు, ఒళ్ళంతా తిరుగుతుంది. ఈ అధ్యాయంలో ఉన్న గొడవంతా అక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం.

ఈ పాఠం నాకు పుస్తకంలో కంటే ముందు నా చేతి మీద కనిపించింది. పంతొమ్మిదేళ్లప్పుడు బ్యాగు పట్టీ ఒరుసుకున్న చోట భుజం మీద తాడులా ఉబ్బిన గీత వచ్చింది. గోరుతో గీస్తే గీసినట్టే తేలేది. స్నేహితురాళ్లు నా ముంజేతి మీద పేర్లు రాసి, అవి ఉబ్బి పైకి తేలేదాకా చూసి సరదాపడేవాళ్లు. దాన్ని డెర్మోగ్రాఫిజం అంటారు. చర్మం మీద రాత అని అర్థం. ప్రమాదం ఏమీ లేదు, దురద తప్ప. ఆ దురద మాత్రం తక్కువేమీ కాదు, అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఇప్పుడు ప్రతి ఏడూ ఈ పాఠం రోజున చొక్కా చేయి పైకి మడిచి, పెన్ను మూతతో ముంజేతి మీద ఒక గీత గీస్తాను. "గడియారం చూడండి" అంటాను. కొన్ని సెకన్లలో గీసిన చోట ఎర్రటి గీత. అర నిమిషం అయ్యేసరికి ఆ గీత చుట్టూ ఎరుపు పాకుతుంది, అంచులు సరిగ్గా తేలకుండా. ఇంకో నిమిషం, రెండు నిమిషాలకి గీత మీద తెల్లగా, గట్టిగా దద్దు లేస్తుంది. థామస్ లూయిస్ అనే బ్రిటిష్ వైద్యుడు 1920లలో దీన్ని వివరంగా పరిశీలించి మూడంచెల ప్రతిస్పందన అన్నాడు. మామూలు చర్మం మీద కూడా ఇది వస్తుంది, కాకపోతే గట్టిగా గీయాలి. నా చర్మం కాస్త అతి చేస్తుందంతే.

మొదటి ఎరుపు, అక్కడి సన్న రక్తనాళాలు వ్యాకోచించడం వల్ల వచ్చేది. మూడోదైన దద్దు, ఆ నాళాల గోడల్లో కణాల మధ్య సందులు తెరుచుకుని నీరు బయటికి ఊరడం వల్ల. నాకు అన్నిటికంటే ఇష్టమైంది రెండోది, చుట్టూ పాకే ఎరుపు. అక్కడ నేను గీయనే లేదు కదా, ఎందుకు ఎర్రబడాలి? గీత దగ్గర చెలరేగిన కబురు ఒక చిన్న నరం కొసని తాకుతుంది. అది వెన్నుపాముకి చేరేలోపే, నరం చీలిన చోట వెనక్కి తిరిగి ఇంకో కొమ్మ గుండా చర్మంలోకే వచ్చేస్తుంది. వచ్చి అక్కడి రక్తనాళాల్ని తెరుస్తుంది. పై ఆఫీసుకి చెప్పకుండా కింది గుమాస్తాలే తేల్చుకున్న వ్యవహారం అన్నమాట. నరం తెగి పూర్తిగా క్షీణించిపోయిన చోట ఆ పాకే ఎరుపు రాదు, మిగతా రెండూ వస్తాయి. లూయిస్ కాలంలోనే ఇది తెలుసు.

లూయిస్ గురించి ఇంకో ముచ్చట. చర్మంలోంచి విడుదలయ్యే ఆ పదార్థం హిస్టమిన్ లాగే ప్రవర్తిస్తోందని ఆయన చూశాడు. అయినా అది హిస్టమినే అని తేల్చి చెప్పలేదు. "హెచ్-పదార్థం" అని జాగ్రత్తగా ఒక పేరు పెట్టి ఊరుకున్నాడు. హిస్టమిన్‌ని 1907లోనే ప్రయోగశాలలో తయారు చేశారు. 1910లో హెన్రీ డేల్, లైడ్‌లా కలిసి దాని ప్రభావాలు చూపించారు. కానీ అది ఒంట్లో సహజంగా ఉంటుందని గట్టి రుజువు దొరికింది 1927లో, తాజా కాలేయం, ఊపిరితిత్తుల నుంచి దాన్ని వేరు చేసినప్పుడు. మరి అది ఏ కణంలో దాక్కుంటుంది? దానికి 1953 దాకా ఆగాల్సి వచ్చింది. రైలీ, వెస్ట్ అనే ఇద్దరు ఆ కణం మాస్ట్ కణమని చూపించారు. తమాషా ఏంటంటే మాస్ట్ కణాల్ని పాల్ ఎర్లిక్ విద్యార్థిగా ఉన్నప్పుడే, 1878లోనే గుర్తించాడు. కడుపు నిండా గుళికలతో ఉన్నాయి కాబట్టి బాగా మేసిన కణాలు అనే అర్థంలో ఆ జర్మన్ పేరు పెట్టాడు. అవి మేసినవి కాదు, దాచుకున్నవి అని తెలియడానికి 75 ఏళ్లు పట్టింది.

దద్దుర్లకి నాకు మొదట ఇచ్చిన మాత్ర క్లోర్‌ఫెనిరమిన్, 4 మిల్లీగ్రాములు. యాంటీహిస్టమిన్, అంటే హిస్టమిన్ పనిని అడ్డుకునే మందు. దురద తగ్గింది. దాంతో పాటు నేనూ తగ్గిపోయాను. వైవా పరీక్ష రోజు పొద్దున టెన్షన్‌కి చేతులు గోక్కుని గోక్కుని ఎర్రగా చేసుకుని, భయపడి ఒక మాత్ర వేసుకుని వెళ్లాను. ఎగ్జామినర్ గారు "మొదటి తరం యాంటీహిస్టమిన్ల సైడ్ ఎఫెక్ట్స్ చెప్పమ్మా" అన్నారు. నేను నోరు తెరిచి, జవాబు చెప్పబోయి, పెద్ద ఆవలింత తీశాను. ఆయన కాసేపు చూసి "కరెక్టే, ఇంకోటి చెప్పు" అన్నారు. నాలుక పిడచకట్టుకుపోయి ఉంది కాబట్టి "నోరు ఎండిపోవడం సార్" అన్నాను. అంత అనుభవపూర్వకంగా నేనెప్పుడూ జవాబు చెప్పలేదు.

ఎందుకలా అంటే, హిస్టమిన్‌కి చర్మంలో ఒక పని, మెదడులో ఇంకో పని. హైపోథాలమస్‌లో హిస్టమిన్‌ని వాడే నాడీకణాల గుంపు ఒకటుంది, మనల్ని మెలకువగా ఉంచేది అదే. చర్మంలో దురద పుట్టించే, హెచ్1 అనే హిస్టమిన్ రిసెప్టరే అక్కడా ఉంది. మాత్రకి చర్మం హెచ్1 వేరు, మెదడు హెచ్1 వేరు అని తెలియదు. కొవ్వులో కరిగే పాత మందులు మెదడు గోడ దాటి లోపలికి వెళ్లి రెండిటినీ మూసేస్తాయి. నోరెండిపోవడం మాత్రం హిస్టమిన్ గొడవే కాదు, ఆ మందులు నరాలు వాడే ఎసిటైల్‌కొలిన్ అనే వేరే పదార్థపు రిసెప్టర్ని కూడా మూస్తాయి కాబట్టి. తర్వాత తరం మందుల్లో చేసిన పెద్ద మార్పు రిసెప్టర్ దగ్గర కాదు, గోడ దగ్గర. ఫెక్సోఫెనడిన్ లాంటివి మెదడులోకి వెళ్లబోయినా అక్కడి రక్తనాళాల గోడలో ఉన్న ఒక పంపు వాటిని బయటికి తోసేస్తుంది. నేనిప్పుడు వాడేది అలాంటిదే. క్లాసులో ఆవలించేది పిల్లలే.

ఫెక్సోఫెనడిన్ వెనక ఒక చేదు కథ ఉంది. దాని తల్లి మందు టెర్ఫెనడిన్. నిద్ర రాని యాంటీహిస్టమిన్ అని దానికి మంచి పేరొచ్చింది. నిజానికి మింగిన టెర్ఫెనడిన్ దాదాపు మొత్తం కాలేయంలోనే ఫెక్సోఫెనడిన్‌గా మారిపోయి, ఆ రూపంలో పని చేసేది. ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయోటిక్, కీటోకొనజోల్ లాంటి ఫంగస్ మందు దానితో కలిస్తే కాలేయంలో ఆ మార్పిడి ఆగిపోయేది. మారని టెర్ఫెనడిన్ రక్తంలో పేరుకుని, గుండె కండరంలో పొటాషియం దారుల్ని మూసి, గుండె లయని ప్రాణం మీదికి వచ్చేలా చెదరగొట్టేది. 1990లలో దాన్ని వెనక్కి తీసుకున్నారు. తుమ్ములకి వేసుకున్న మాత్ర గుండె దాకా వెళ్తుందని ఎవరు అనుకుంటారు?

పాత యాంటీహిస్టమిన్లు ఒక విషయంలో మాత్రం పరిశోధకుల్ని చాలాకాలం తికమక పెట్టాయి. హిస్టమిన్ ఇస్తే కడుపులో ఆమ్లం పొంగుతుంది. దద్దుర్లని ఆపే మందు ఆ ఆమ్లాన్ని ఆపలేదు. అయితే కడుపులో వేరే రిసెప్టర్ ఉండాలి అని జేమ్స్ బ్లాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పట్టుబట్టాడు. ఆయన బృందం 1964లో పని మొదలుపెట్టి, వందల కొద్దీ అణువుల్ని తయారు చేసి చూసి, 1972లో బ్యూరిమమైడ్‌తో హెచ్2 రిసెప్టర్ ఉందని నిరూపించింది. అది నోటి ద్వారా సరిగా పని చేయలేదు. తర్వాతిది మెటియమైడ్, అది కొందరిలో తెల్లరక్తకణాల్ని తగ్గించేసింది. మూడోది సిమెటిడిన్, 1976లో రోగుల దాకా వచ్చింది. అంతకుముందు అల్సర్ అంటే చాలామందికి ఆపరేషన్ బల్ల. బ్లాక్‌కి 1988లో నోబెల్ వచ్చింది. పిల్లలకి ఈ కథ చెప్పేటప్పుడు మెటియమైడ్ దగ్గర కాసేపు ఆగుతాను. అన్నేళ్లు పనిచేసి గమ్యానికి ఒక అడుగు దూరంలో మందు చేతిలోంచి జారిపోతే ఎంతమంది నాలుగో రోజు మళ్లీ ల్యాబుకి వస్తారు?

మా తమ్ముడికి ఆస్తమా. కాలేజీ రోజుల్లో ఒకసారి అడిగాడు: "అక్కా, నీ దద్దుర్లూ అలర్జీయే, నా ఆయాసమూ అలర్జీయే. నీ మాత్ర నాకెందుకు పనిచేయదు?" నా దగ్గర అప్పుడు సరైన జవాబు లేదు. "వేరు వేరు రా" అని పెద్దరికం చూపించి తప్పించుకున్నాను.

అసలు జవాబు ఇది. మాస్ట్ కణం చెదిరినప్పుడు సంచుల్లో దాచుకున్న హిస్టమిన్ వెంటనే బయటపడుతుంది. కానీ అదే సమయంలో కణం తన పొరలోంచి ఒక కొవ్వు ఆమ్లాన్ని కోసి తీసి, అప్పటికప్పుడు ఇంకో సరుకు తయారు చేయడం మొదలుపెడుతుంది. ఆ కొవ్వు ఆమ్లం అరాకిడానిక్ ఆమ్లం, 20 కార్బన్లది. దాంట్లోంచి ఒక దారిలో ప్రోస్టాగ్లాండిన్లు, ఇంకో దారిలో ల్యూకోట్రైన్లు వస్తాయి. శ్వాసనాళాల్ని బిగించడంలో ల్యూకోట్రైన్లు హిస్టమిన్ కంటే వెయ్యి రెట్ల దాకా బలమైనవి, పైగా వాటి బిగింపు చాలాసేపు ఉంటుంది. 1938లోనే ఫెల్డ్‌బర్గ్, కెల్లవే అనే శాస్త్రవేత్తలు తాచుపాము విషంతో గినీ పిగ్ ఊపిరితిత్తుల మీద ప్రయోగాలు చేస్తూ, హిస్టమిన్ కానిది, నెమ్మదిగా పని చేసేది ఇంకేదో వస్తోందని గమనించారు. "నెమ్మదిగా పనిచేసే పదార్థం" అనే పేరుతోనే అది నాలుగు దశాబ్దాలు చలామణి అయింది. దాని అసలు నిర్మాణాన్ని సామ్యూయెల్సన్ బృందం 1979లో బయటపెట్టింది. తమ్ముడు ఇప్పుడు వాడే మందుల్లో మాంటెలుకాస్ట్ ఒకటి, ల్యూకోట్రైన్ రిసెప్టర్ని మూసేది. అది మొదలుపెట్టినప్పుడు మాత్రం "నిద్ర, మూడ్ తేడాగా అనిపిస్తే వెంటనే చెప్పు" అని నేనే వెంటపడ్డాను. మానసిక దుష్ప్రభావాల గురించి 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాని మీద తన అతి తీవ్రమైన హెచ్చరికని పెట్టింది.

ఇక్కడే ఇంకో మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఒళ్ళంతా అలర్జీ చెలరేగి, ఊపిరి అందక, బీపీ పడిపోయే స్థితిని అనాఫిలాక్సిస్ అంటారు. అప్పుడు మొదటి మందు అడ్రినలిన్. పెద్దవాళ్లకి సాధారణంగా 0.5 మిల్లీగ్రాములు, తొడ మధ్యభాగంలో బయటి వైపు కండరంలోకి. యాంటీహిస్టమిన్ కాదు. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక సీనియర్, యాంటీహిస్టమిన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు రెండూ ఇచ్చేసి "చూద్దాం" అని నిలబడటం నా కళ్లతో చూశాను. నర్సమ్మ అడ్రినలిన్ సిరంజితో పక్కనే నిలబడి ఉంది, రెండుసార్లు గుర్తు చేసింది. రోగి బతికాడు, ఆమె పుణ్యమా అని. అప్పటికే విడుదలైన వాటిలో హిస్టమిన్ ఒకటి మాత్రమే. దాని రిసెప్టర్ మూసినా ల్యూకోట్రైన్లు, మిగతావి వాటి పని అవి చేస్తూనే ఉంటాయి. అడ్రినలిన్ వాటిలో ఎవరితోనూ కుర్చీ కోసం కొట్లాడదు. తన సొంత రిసెప్టర్ల ద్వారా రక్తనాళాల్ని బిగిస్తుంది, శ్వాసనాళాల్ని తెరుస్తుంది, మాస్ట్ కణాలు ఇంకా వెళ్లగక్కకుండా ఆపుతుంది. అందరూ కలిసి పాడు చేసినదాన్ని తనొక్కతే ఎదురు తిప్పుతుంది.

ఆస్పిరిన్ దగ్గరికి వస్తే నాకు గంట చాలదు. 1899లో అమ్మకానికి వచ్చిన మందు ఎలా పనిచేస్తుందో 1971 దాకా ఎవరికీ తెలియదు. ఆ ఏడాది జాన్ వేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త అది ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుందని చూపించాడు. వేన్ పద్ధతే ముచ్చటగా ఉంటుంది. నిమిషంలోపే మాయమైపోయే వాటిని సీసాలో పట్టి పరీక్షించడం కుదరదు కదా. ఆయన ప్రవహించే రక్తాన్నో, ఊపిరితిత్తుల్లోంచి వచ్చే ద్రవాన్నో వరసగా వేలాడదీసిన కండరపు ముక్కల మీద నుంచి ధారగా జారనిచ్చేవాడు. ఏ ముక్క ముడుచుకుంది, ఏది సాగింది అన్నదాన్ని బట్టి ఏ పదార్థం దాటి వెళ్లిందో పోల్చేవాడు. బెల్ కొట్టి పారిపోయేవాడిని పట్టుకోలేకపోతే అడుగుల చప్పుడుని బట్టి గుర్తుపట్టడం లాంటిది.

ఆ పనిలోంచి తేలిన సంగతుల్లో నాకు బాగా నచ్చింది ప్లేట్‌లెట్లకీ రక్తనాళపు గోడకీ మధ్య తగువు. ప్లేట్‌లెట్లు థ్రాంబాక్సేన్ చేసి "రండి, గుమిగూడండి" అంటాయి. గోడ కణాలు ప్రోస్టాసైక్లిన్ చేసి "ఇక్కడేం పని, పదండి" అంటాయి. రెండిటికీ ముడిసరుకు ఒకటే, మొదటి ఎంజైమ్ కూడా కాక్స్ అనే ఒకే కుటుంబందే. ఆస్పిరిన్ ఆ ఎంజైమ్‌ని శాశ్వతంగా పాడు చేస్తుంది. అయితే గోడ కణానికి కేంద్రకం ఉంది, ఎంజైమ్ పోతే కొన్ని గంటల్లో కొత్తది చేసుకుంటుంది. ప్లేట్‌లెట్‌కి కేంద్రకం లేదు. దాని ఎంజైమ్ పోయిందంటే అది బతికే ఏడెనిమిది రోజులూ, మహా అయితే పది రోజులూ అలాగే ఉండాల్సిందే. అందుకే ఆపరేషన్ ముందు "ఆస్పిరిన్ ఎప్పుడు ఆపారు" అని అడుగుతారు, నిన్న ఆపాను అంటే మొహం ముడుచుకుంటారు.

75 మిల్లీగ్రాముల చిన్న మాత్ర ఇంత పని ఎలా చేస్తుంది అనేదానికి ఇంకో కారణం ఉంది, దీన్ని చెప్పేటప్పుడు క్లాసు నిశ్శబ్దంగా వింటుంది. పేగుల్లోంచి లోపలికి వచ్చిన ఆస్పిరిన్ ముందు కాలేయానికి వెళ్లే సిరలోకి చేరుతుంది. అక్కడ తిరుగుతున్న ప్లేట్‌లెట్లని దొరికినవాటిని దొరికినట్టు దెబ్బ కొడుతుంది. తర్వాత కాలేయం ఆస్పిరిన్‌లో చాలా భాగాన్ని సాలిసిలేట్‌గా మార్చేస్తుంది. దాంతో మిగతా ఒంట్లో రక్తనాళాల గోడలకి చేరే ఆస్పిరిన్ తక్కువ. ప్లేట్‌లెట్లు మాత్రం తిరిగి తిరిగి ఆ దారినే వస్తాయి, రోజుకి కొన్ని చొప్పున అన్నీ దొరికిపోతాయి. గోడలు లేవన్నాను కదా మాత్రకి. ఇక్కడ అనుకోకుండా ఒక గోడ దొరికింది.

దానికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది రోఫెకాక్సిబ్ విషయంలో. కడుపుకి హాని లేని నొప్పి మందు కావాలని, ఆ కాక్స్ కుటుంబంలో కాక్స్-1ని వదిలి కాక్స్-2ని మాత్రమే ఆపేలా చేశారు. కడుపు పొరని కాపాడేది ఎక్కువగా కాక్స్-1 కాబట్టి లెక్క సరిపోయింది. కానీ నాళపు గోడలో ప్రోస్టాసైక్లిన్ చాలావరకు కాక్స్-2 నుంచే వస్తుంది, ప్లేట్‌లెట్లలో థ్రాంబాక్సేన్ కాక్స్-1 నుంచి వస్తుంది. అంటే తగువులో ఒకరి నోరు మాత్రమే మూశారు. గుండెపోట్లు, పక్షవాతాలు పెరిగినట్టు తేలాక 2004 సెప్టెంబరులో ఆ మందుని మార్కెట్ నుంచి తీసేశారు.

సెరటోనిన్ గురించి ఇంకోసారి రాస్తాను, దానికి రిసెప్టర్ల జాబితానే ఒక పేజీ. నైట్రిక్ ఆక్సైడ్ గురించీ అంతే. ఒక్కటి మాత్రం చెప్పి వదిలేస్తాను: డైనమైట్‌తో సంపాదించిన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కి చివరి రోజుల్లో గుండె నొప్పికి డాక్టర్లు నైట్రోగ్లిజరిన్ రాశారు. అది ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి పని చేస్తుందన్న సంగతి తెలిసే దారిలో జరిగిన పరిశోధనకి 1998లో ముగ్గురికి ఆయన పేరున్న బహుమతే ఇచ్చారు.

చివరగా బ్రాడీకైనిన్. దీన్ని చివరికి ఉంచడానికి కారణం, నాకు సిగ్గుగా ఉండటం.

1949లో బ్రెజిల్‌లో రోషా ఇ సిల్వా, ఆయన సహచరులు జరారాకా అనే విషసర్పపు విషాన్ని రక్తంలో కలిపితే, గినీ పిగ్ పేగు ముక్కని నెమ్మదిగా ముడిచే పదార్థం ఒకటి పుడుతోందని చూశారు. నెమ్మదైన కదలిక అనే అర్థంలో బ్రాడీకైనిన్ అన్నారు. తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. నాళాల్ని తెరుస్తుంది, నొప్పి పుట్టిస్తుంది. ఊపిరితిత్తుల గుండా ఒక్కసారి రక్తం వెళ్లి వస్తే అందులో చాలా భాగం ముక్కలైపోతుంది. అంటే ఊపిరితిత్తులు గాలి మార్చే చోటు మాత్రమే కాదు, దారి తప్పి రక్తంలో పడ్డ పక్కింటి కబుర్లని ఊరంతా పాకకుండా చెరిపేసే చెక్‌పోస్టు కూడా. 1965లో సెర్జియో ఫెరేరా అదే పాము విషంలో బ్రాడీకైనిన్‌ని ముక్కలు కాకుండా కాపాడే పదార్థం ఉందని కనుక్కుని, దాన్ని తీసుకుని వేన్ ప్రయోగశాలకి వెళ్లాడు. బ్రాడీకైనిన్‌ని ముక్కలు చేసే ఎంజైమూ, బీపీ పెంచే యాంజియోటెన్సిన్-2ని తయారు చేసే ఎంజైమూ ఒకటేనని తేలింది. దాని పేరు ఏసీఈ. ఆ విషాన్ని నమూనాగా పెట్టుకుని కుష్‌మన్, ఒండెట్టి అనే ఇద్దరు ఏసీఈని ఆపే మందు కాప్టోప్రిల్ తయారు చేశారు. 1981లో బీపీ మందుగా అనుమతి వచ్చింది. కాటు వేస్తే బీపీ పడిపోయే పాము నుంచి బీపీ మాత్ర. ఈ కథని నేను ఎన్నో ఏళ్లుగా చేతులు తిప్పుతూ, అభినయిస్తూ చెబుతున్నాను.

మా అమ్మకి బీపీ మాత్ర మార్చిన రెండు నెలలకి దగ్గు మొదలైంది. పొడి దగ్గు, గొంతులో ఈకతో గీరినట్టు ఉంటుందనేది. రాత్రిళ్లు పడుకోనిచ్చేది కాదు. దుమ్మేమో అని కర్టెన్లు ఉతికించాను. దిండ్లు మార్చాను. దగ్గు సిరప్‌లు రెండు రకాలు అయ్యాయి. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. తమ్ముడు "అమ్మకీ ఆస్తమా వచ్చిందేమో అక్కా" అంటే ఇన్‌హేలర్ గురించి కూడా ఆలోచించాను. అలా అయిదు నెలలు.

ఒక రోజు మధ్యాహ్నం క్లాసులో ఇదే పాఠం. పాము అయింది, కాప్టోప్రిల్ అయింది. బోర్డు వైపు తిరిగి "ఏసీఈ ఇన్‌హిబిటర్లు: పొడి దగ్గు" అని రాశాను. "బ్రాడీకైనిన్, దానిలాగే ఏసీఈ ముక్కలు చేసే సబ్‌స్టెన్స్ పి ఊపిరి దారుల్లో ముక్కలు కాకుండా పేరుకుంటాయి, అక్కడి నరాల కొసల్ని గిల్లుతుంటాయి. ఆడవాళ్లలో ఎక్కువ. మొదలుపెట్టిన కొన్ని వారాలకి గానీ, నెలలకి గానీ..." అని చెబుతూ ఆగిపోయాను. మాట రాలేదు. పిల్లలు సుద్దముక్క విరిగిందేమో అనుకున్నారు.

క్లాసు అవ్వగానే వరండాలో నిలబడి ఫోన్ చేశాను. "అమ్మా, నీ బీపీ మాత్ర స్ట్రిప్పు తీసి చదువు." కళ్లజోడు వెతుక్కుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది: "ఎ... నా... లా... ప్రిల్." ఆ చివరి "ప్రిల్" వినగానే గోడకి ఆనుకున్నాను. నా తల్లి ఏ మాత్ర వేసుకుంటోందో ఫార్మకాలజీ చెప్పే నేను ఒక్కసారైనా తీసి చూడలేదు. ఏ డాక్టరుదీ తప్పు కాదు, దగ్గుందని ఆయనతో చెప్పే బాధ్యత నేనే తీసుకుని, నేనే కర్టెన్లు ఉతికించుకుంటూ కూర్చున్నాను.

ఆయనతో మాట్లాడాం. ఎనాలాప్రిల్ ఆపి లోసార్టన్ రాశారు. అది ఎంజైమ్ జోలికి పోదు, యాంజియోటెన్సిన్ కూర్చునే రిసెప్టర్ని మూస్తుంది. కాబట్టి బ్రాడీకైనిన్ మామూలుగానే ముక్కలైపోతుంది. ఇదే కారణంగా పెదవులు, నాలుక, గొంతు వాచే ప్రమాదం కూడా ఏసీఈ మందులతో ఉంది. అది అరుదు కానీ ఊపిరికే అడ్డం పడొచ్చు. దానికి యాంటీహిస్టమిన్లు ఇచ్చినా పెద్దగా ఫలితం ఉండదు, ఎందుకంటే ఆ వాపు హిస్టమిన్‌ది కాదు. అమ్మ దగ్గుతోనే బయటపడింది.

మూడు వారాలకి దగ్గు పూర్తిగా పోయింది. ఒక ఆదివారం అమ్మ పక్కన కూర్చుని పాము దగ్గర్నుంచి మొత్తం కథ చెప్పాను, క్లాసులో చెప్పినట్టే, చేతులు తిప్పుతూ. శ్రద్ధగా వింది. అంతా అయ్యాక అంది:

"అయిదు నెలలు నీ పక్కనే కూర్చుని దగ్గాను. నీ క్లాసుకొచ్చి వెనక బెంచీలో కూర్చుని దగ్గి ఉంటే మొదటిరోజే కనిపెట్టేదానివి."